ఆ 71 పేజీలను ఎందుకు దాచారు?

ఈ దేశంలో అందరి లెక్కలూ అడిగే అధికారం తనకుందని పత్రిక నమ్ముతుంది. ఆ నమ్మకంలో తప్పు లేదు. మునిసిపాలిటీ కాలువ పూడిక దగ్గర్నుంచి కేంద్రమంత్రి విదేశీ పర్యటన దాకా దేని మీదనైనా అది ప్రశ్న వేయవచ్చు, వేయాలి కూడా. మరి ఆ పత్రిక లెక్క ఎవరు అడగాలి? అడిగితే ఎవరికి చెబుతుంది? ఈ మాట ఎత్తినవాణ్ణి పత్రికాస్వేచ్ఛకు శత్రువని ముద్ర వేయడం మన దగ్గర ఆనవాయితీ అయింది. నేను ఆ బాపతు మనిషిని కాను. నలభయ్యేళ్ళుగా కాఫీ కంటే ముందు పేపరు కోసం గుమ్మంలోకి తొంగిచూసేవాణ్ణి, దానికి నెలనెలా డబ్బు కట్టేవాణ్ణి. కనుక దీన్ని ఒక చందాదారు ఫిర్యాదుగా చదువుకోండి.

భారత ప్రెస్ కౌన్సిల్ అని ఒక సంస్థ ఉంది. పత్రికల స్వేచ్ఛను కాపాడడం, వాటి ప్రమాణాలను నిలబెట్టడం, ఈ రెండూ దాని విధులు. 1978 నాటి చట్టం దానికి ఊపిరి. 2009 ఎన్నికల్లో డబ్బు పుచ్చుకుని వార్తలు వేశారన్న ఆరోపణలు గుప్పుమన్నప్పుడు ఆ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఒక ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్ళు ఊళ్ళు తిరిగి, అభ్యర్థులతోనూ పాత్రికేయులతోనూ మాట్లాడి, 2010 ఏప్రిల్‌లో 71 పేజీల నివేదిక ఇచ్చారు. అందులో పత్రికల పేర్లు ఉన్నాయి, వాటి మీద వచ్చిన ఆరోపణలు ఉన్నాయి, ఆయా యాజమాన్యాలు చెప్పుకున్న సమాధానాలూ ఉన్నాయి. అంటే ఏకపక్షపు రాత కాదది.

2010 జూలై 30న కౌన్సిల్ సమావేశమైంది. ఆ 71 పేజీలనూ పక్కన పెట్టి, పేర్లు లేని పొట్టి నివేదిక ఒకటి బయటికి వదిలింది. అసలు దాన్ని "సంప్రదింపుల కోసం" దస్త్రాల్లో ఉంచుకుంటారట! తెలుసుకోవడం ప్రజల హక్కు అని పొద్దున లేస్తే సంపాదకీయాలు రాసేవారి సంస్థ, ప్రజలు తెలుసుకోవలసినదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ నివేదిక అధికారికంగా వెలుగు చూడాలంటే ఒకరు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. కేంద్ర సమాచార కమిషన్ 2011 సెప్టెంబరులో ఆదేశించాక గాని అది కౌన్సిల్ వెబ్‌సైటు ఎక్కలేదు. అప్పుడు కూడా, ఇది కౌన్సిల్ ఆమోదించిన నివేదిక కాదు సుమా అని ఒక మాట తగిలించి మరీ పెట్టారు.

సమాచార హక్కు చట్టాన్ని తహసీల్దారు మీద ప్రయోగించడం చూశాం, విశ్వవిద్యాలయాల మీద చూశాం. పత్రికల నడవడిని కనిపెట్టుకుని ఉండవలసిన సంస్థ నోరు తెరిపించడానికి దాన్ని వాడవలసి రావడంలోని వెటకారం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. (దీని మీద తెలుగు పత్రికల్లో ఎన్ని సంపాదకీయాలు వచ్చాయో లెక్కపెట్టడానికి మీకు రెండు చేతులూ అవసరం పడవని నా అనుమానం.)

ఇంతకీ ఆ డబ్బు వార్తల బేరం ఎలా సాగిందో కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. ఎందుకంటే "అందరికీ తెలిసిందే కదా" అనే మాట చాటునే ఇది బతుకుతోంది.

2009 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెసు, మహాకూటమి, కొత్తగా పుట్టిన ప్రజారాజ్యం, మూడు పక్షాల పోటీ. అప్పటికే తెలుగు దినపత్రికలన్నిటికీ జిల్లా అనుబంధాలున్నాయి. ప్రధాన సంచికలో చోటు దొరకని ఊళ్ళ కబుర్లకు చోటిచ్చిన గొప్ప ఏర్పాటు అది. నేను దాన్ని మెచ్చుకునేవాణ్ణే. మా వీధిలో కుళాయి రాని సంగతి అచ్చులో చూసుకున్నది ఆ పేజీల్లోనే. సరిగ్గా ఆ పేజీలనే ఎన్నికల వేళ గంపగుత్తగా అమ్మకానికి పెట్టారు. నామినేషన్ రోజు ఫొటోతో ఇంత, పాదయాత్రకు ఇంత, అభ్యర్థి సతీమణి ఇంటింటి ప్రచారానికి ఇంత... అన్నీ కలిపి "ప్యాకేజీ". ఎదుటివాడి మీద వ్యతిరేక వార్తలు కూడా ప్యాకేజీలో భాగమే. కొననివాడికి శిక్ష ఏమిటయ్యా అంటే, వాడు ఎన్నికల్లో నిలబడ్డ సంగతే పాఠకుడికి తెలియకుండా పోవడం. పదివేల మందితో సభ పెట్టినా మర్నాడు పేపర్లో ఖాళీ!

ఇది బయటి నుంచి ఎవరో గిట్టనివారు చేసిన ఆరోపణ కాదు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాను నమూనాగా తీసుకుని తానే సర్వే చేసింది. తమ ఇంటి మురికిని తామే ముందుగా బయటపెట్టిన ఆ పాత్రికేయులకు నమస్కరించకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు.

ఆ నెలనాటి జిల్లా పేజీలు కొన్ని నేను కత్తిరించి దాచాను. పత్రిక పేరు చెప్పను. ఒకే పేజీ. పై సగంలో ఒక అభ్యర్థికి "అడుగడుగునా నీరాజనాలు", ఆయన గెలుపు నల్లేరు మీద నడక. కింది సగంలో అదే నియోజకవర్గంలో ఆయన ప్రత్యర్థికి "జన ప్రభంజనం", గెలుపు లాంఛనమే. రెండూ వార్తలే, రెండూ ఒకే తరహా అక్షరాల్లోనే. ఎక్కడా ప్రకటన అన్న మాట లేదు. ఒక పత్రిక ఒకే రోజు, ఒకే పేజీలో, ఒకే సీటుకు ఇద్దరిని గెలిపించింది. సంపాదకుడికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, ఉత్తరం అచ్చూ కాలేదు. మరుసటి నెల చందా రసీదు మాత్రం ఠంచనుగా వచ్చింది.

ప్రకటనకూ దీనికీ తేడా ఏమిటని అమాయకంగా అడిగేవారున్నారు. ప్రకటన వేస్తే అది ప్రకటన అని చదివేవాడికి తెలుస్తుంది. దానికి బిల్లు ఉంటుంది. ఆ బిల్లు ఎన్నికల ఖర్చులో చేరుతుంది. 2009లో శాసనసభ అభ్యర్థికి పెద్ద రాష్ట్రాల్లో ఖర్చు పరిమితి 10 లక్షలు. వార్త రూపంలో వేస్తే బిల్లు ఉండదు, కనుక ఖర్చూ ఉండదు. ఒక్క దెబ్బతో పాఠకుడూ, ఎన్నికల సంఘమూ, ఆదాయపు పన్ను శాఖా ముగ్గురూ మోసపోతారు. ముగ్గురిలో పాఠకుడిది మరీ విచిత్రమైన స్థితి, మోసపోవడానికి తనే ఎదురు డబ్బు ఇస్తున్నాడు.

అదే ఏడాది అక్టోబరులో మహారాష్ట్ర ఎన్నికలు జరిగాయి. అప్పుడు మన పాలగుమ్మి సాయినాథ్ "ది హిందూ"లో వరసగా రాసిన వ్యాసాల వల్లనే ఈ విషయం దేశం దృష్టికి వచ్చింది. నాటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను పొగుడుతూ ఒకే కథనం, అవే వాక్యాలతో, పోటీ పత్రికల్లో కనిపించడాన్ని ఆయన పట్టుకున్నారు. పేజీలకు పేజీలు అలా వచ్చాయి. చవాన్ తన లెక్కల్లో పత్రికా ప్రకటనలకు చూపిన ఖర్చు 5,379 రూపాయలు! డబ్బు ఇవ్వలేదని చవాన్ వాదించారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అభ్యర్థి చూపిన లెక్క నిజమో కాదో విచారించే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని 2014 మేలో కోర్టు తేల్చింది. ఆ జూలైలో సంఘం ఆయనకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యప్రదేశ్ మంత్రి నరోత్తమ్ మిశ్రా మీద 2017లో వేసిన అనర్హత వేటుకూ 2018లో అదే గతి పట్టింది. కోర్టుల తీర్పును నేను తప్పుపట్టడం లేదు. రసీదు లేని బేరానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పుచ్చుకున్నవాడు చెప్పడు, ఇచ్చినవాడు చెప్పడు.

నిలబడ్డ కేసు ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఉమ్లేష్ యాదవ్‌ను 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం మూడేళ్ళపాటు అనర్హురాలిగా ప్రకటించింది. డబ్బు వార్తల ఖర్చు లెక్కల్లో చూపనందుకు పదవి పోగొట్టుకున్న మొదటి శాసనసభ్యురాలు ఆమె. బాగుంది. మరి ఆ వార్తలు వేసిన రెండు హిందీ దినపత్రికలకు ఏమైంది? మర్యాద తప్పారని ప్రెస్ కౌన్సిల్ తేల్చింది. అంతే. కొన్నవారి పదవి ఊడింది, అమ్మినవారు మర్నాడు ఎప్పటిలాగే సూర్యోదయానికల్లా గుమ్మాల్లో వాలారు.

ఎందుకంటే కౌన్సిల్ చేతిలో ఉన్న ఆయుధం అంతటిదే. చట్టంలోని 14వ సెక్షను ప్రకారం అది హెచ్చరించవచ్చు, మందలించవచ్చు, అభిశంసించవచ్చు. జరిమానా వేయలేదు. తన తీర్పును ఆ పత్రికలోనే అచ్చు వేయమని అడగవచ్చు, ఏ మూల వేశారో భూతద్దంతో మనం వెతుక్కోవచ్చు. పాలెగాడికి పూలచెండు ఇచ్చి ఊరు కాపలా కాయమన్నట్టుంది.

పోనీ, నైతికంగానైనా మందలించే శక్తి ఉందా? కౌన్సిల్ కూర్పు చూడండి. అధ్యక్షుడు కాక 28 మంది సభ్యులు. వారిలో ఆరుగురు పత్రికల యాజమాన్యాల తరఫువారు. 13 మంది పాత్రికేయుల్లో ఆరుగురు సంపాదకులు. యజమానే సంపాదకుడుగా వెలిగే సంప్రదాయం ఎరిగిన మన తెలుగువారికి ఆ గీత ఎంత సన్ననిదో వేరే చెప్పాలా? బయటి సమాజం తరఫున విశ్వవిద్యాలయ నిధుల సంఘం, బార్ కౌన్సిల్, సాహిత్య అకాడమీ తలా ఒకరిని పంపుతాయి. అయిదుగురు పార్లమెంటు సభ్యులు. అంటే వార్తలు అమ్మే వర్గమూ, కొనే వర్గమూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వార్తల అమ్మకం మీద విచారణ చేస్తాయి. పాఠకుడికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. 2010 జూలైలో పేర్లు ఎందుకు మాయమయ్యాయో అర్థం చేసుకోవడానికి మనకు ఇంకో ఉపసంఘం అక్కర్లేదు.

ఇక టీవీల సంగతి అడగకండి. అవి ఆ కౌన్సిల్ పరిధిలోకే రావు. చానళ్ళు 2008లో తమకు తామే ఒక ప్రమాణాల సంస్థ పెట్టుకున్నాయి. అది వేయగలిగిన అత్యధిక జరిమానా లక్ష రూపాయలని నిర్ణయించుకున్నారు. అరనిమిషం ప్రకటన ఖరీదుతో పోల్చుకోదగ్గ మొత్తం. 2009లో ఒక హిందీ చానల్‌కు ఆ లక్ష వేస్తే, అది కట్టనని అలిగి సంఘం నుంచే బయటికి నడిచింది. స్వీయ నియంత్రణ అంటే ఇదన్నమాట!

ఇప్పుడు మనవాళ్ళు సాధారణంగా ఇచ్చే సమాధానాలకు వద్దాం.

"మన పత్రికలు ఎలాగూ పార్టీల పత్రికలే. ఏ పేపరు ఎవరిదో చంటిపిల్లవాడికి కూడా తెలుసు. పాఠకుడు దానికి తగ్గట్టు చదువుకుంటాడు." ఈ వాదన నేను అనేక మంది నోట విన్నాను, కొందరు పాత్రికేయ మిత్రుల నోట కూడా. పక్షపాతం నాకూ నచ్చదు, కానీ అది దాపరికం లేని జబ్బు. ఒక పార్టీని బహిరంగంగా వెనకేసుకొచ్చే పత్రికను నేను ఎదురు పత్రికతో సరిచూసుకోగలను. నా కత్తిరింపులో పత్రికకు పక్షమే లేదు! పై సగం ఒకరిది, కింది సగం మరొకరిది. ఏ నమ్మకమూ లేనిచోట ఏ నమ్మకాన్ని బట్టి నేను సరిచూసుకోవాలి? పైగా పార్టీ పత్రిక అయినా, కాకపోయినా, ఇరవై వేల జీతం వచ్చే స్వతంత్ర అభ్యర్థి ఒకడు నిజాయితీగా నిలబడితే అతడి పేరు ఎక్కడా రాదు. అసలు దెబ్బ తగిలేది అతడికి.

"ఓటరు డబ్బు తీసుకోవడం లేదా? పత్రిక తీసుకుంటే వచ్చిందా?" ఇది రెండోది. ఓటుకు నోటు పుచ్చుకునే కూలివాడిని నిలదీస్తూ అరపేజీ సంపాదకీయం రాసే హక్కును వదులుకుంటే, అప్పుడు ఈ వాదన చేయవచ్చు.

మూడోదానికి మాత్రం నేను కాస్త ఆగుతాను. "కంట్రిబ్యూటర్లు ఏం తిని బతకాలి?" అని అడుగుతారు. నిజం. మండలంలో తిరిగే విలేకరికి చాలాచోట్ల జీతం లేదు. అచ్చయిన వార్త పొడవు కొలిచి ఇచ్చే లైన్ ఎకౌంటు పెట్రోలుకు చాలదు. దాని మీద దసరాకీ, దీపావళికీ, పత్రిక వార్షికోత్సవానికీ, ఎమ్మెల్యే పుట్టినరోజుకీ ప్రకటనల లక్ష్యం. పొద్దున ఏ సర్పంచి అవినీతి మీద వార్త రాయాలో, సాయంత్రం అదే సర్పంచి దగ్గర ప్రకటన అడుక్కోవాలి. అడుక్కోవడం బెదిరించడంగా మారడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కుర్రాడు తప్పు చేస్తే గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుని, "మా సంస్థకూ ఇతనికీ సంబంధం లేదు" అని ఫొటోతో ప్రకటన వేస్తారు. కానీ 2009లో రేట్ల పట్టిక తయారు చేసింది ఆ కుర్రాడు కాదు. అది పైనుంచి కిందికి దిగింది. చిల్లర లంచగొండితనాన్ని యాజమాన్యాలే తమ చేతుల్లోకి తీసుకుని వ్యవస్థీకృతం చేశాయని ఆ 71 పేజీల సారాంశం. అవి దాగింది కూడా అందుకే.

నాలుగోది అన్నిటికంటే గంభీరమైనది: "చట్టం చేస్తే ప్రభుత్వం పత్రికల పీక నులుముతుంది". ఈ భయం నాకూ ఉంది. ఎమర్జెన్సీలో ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేసిన దేశం మనది. ప్రకటనలు ఆపి పత్రికలను, తీగ కోసి చానళ్ళను దారికి తెచ్చుకోజూసిన ప్రభుత్వాలను మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. అందుచేత మంత్రిత్వ శాఖ చేతికి బెత్తం ఇవ్వమని నేను అనను. కానీ ఎన్నికల్లో డబ్బుకు వార్త అమ్మడాన్నీ కొనడాన్నీ ఎన్నికల నేరంగా ప్రజా ప్రాతినిధ్య చట్టంలో చేర్చమని లా కమిషన్ 2015 మార్చిలో తన 255వ నివేదికలో చెప్పింది. నేరమైతే విచారించేది న్యాయస్థానం, మంత్రి కాదు. అంతకు ముందు 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ విషయం మీదనే పెద్ద నివేదిక ఇచ్చింది. అటు తర్వాత 2014, 2019, 2024 సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి, వెళ్ళాయి. 1867 నాటి పత్రికల నమోదు చట్టాన్ని తీసేసి 2023లో కొత్తది తెచ్చారు, 2024 మార్చి నుంచి అది అమలులో ఉంది. అన్ని పాత చట్టాలూ గుర్తుకొచ్చినవారికి ఈ ఒక్క కొత్త నేరం గుర్తుకు రాలేదు. ఎలా వస్తుంది? దాన్ని ఆమోదించవలసిన సభలో కూర్చున్నవారిలో ప్యాకేజీ కొననివారెందరు?

చట్టం వచ్చేలోగా పత్రికలు తమంతట తాము చేయగలిగినవి లేకపోలేదు. ఎన్నికల నెలలో ఏ పార్టీ నుంచి, ఏ అభ్యర్థి నుంచి ఎంత ప్రకటనల ఆదాయం వచ్చిందో ఫలితాల మర్నాడు ఒక పెట్టె కట్టి అచ్చు వేయవచ్చు. అభ్యర్థులంతా ఖర్చు చెబుతున్నప్పుడు, ఆ ఖర్చులో తన వాటా చెప్పడానికి పత్రికకు వచ్చే నష్టమేమిటి? వార్త రాసేవాడికి ప్రకటనల లక్ష్యం పెట్టబోమని రాతపూర్వకంగా ప్రకటించవచ్చు. తప్పు వార్త ఏ పేజీలో వేశారో సవరణ ఆ పేజీలోనే వేయవచ్చు. మంత్రుల ఆస్తుల వివరాల కోసం పోరాడే సంస్థలు తమ యజమానులకు ఏ ఏ వ్యాపారాలున్నాయో ఏడాదికోసారి పాఠకుడికి చెప్పవచ్చు. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

అవి చేసేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే వార్త వచ్చిన రెండు నెలల్లోగా చేయాలి. ముందుగా ఆ సంపాదకుడికి ఉత్తరం రాసి ఉండాలి, ఆ ఉత్తరం నకలు జతపరచాలి. తెలుగు వార్త అయితే కత్తిరింపుతో పాటు ఇంగ్లీషు అనువాదం కూడా పంపాలి. మన జిల్లా పేజీల మీద ఫిర్యాదు పెట్టాలంటే సగం మందికి అక్కడే చేతులు ఆగిపోతాయి. వచ్చే ఎన్నికల్లో నామినేషన్ల రోజు నుంచి పోలింగు దాకా మీ మీ జిల్లా అనుబంధాలు పారేయకండి, పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. అనుమానం కలిగించే పేజీలను ఫొటో తీసి నాకు పంపండి. ఉత్తరం ముసాయిదా, అనువాదం నేను చేసిపెడతాను. నాకు చేతనైనది ఆ పని ఒక్కటే, దానికి ప్యాకేజీ ఏమీ లేదు.